ఆలు లేదు, చూలు లేదు, సోమలింగం మాత్రం డౌన్‌లోడ్ అయ్యాడు

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటాం. కంప్యూటర్ ఆటల యాడ్-ఆన్‌లన్నీ పుట్టుకతో సోమలింగాలే. ఎవరో అభిమాని ఒక ఆటకి కొత్త మ్యాప్ గీస్తాడు, కొత్త రాక్షసుల్ని కలుపుతాడు. ఇంకొకరు అదే ఆటలో వేరే కథ చెప్తారు. అదంతా ఒక చిన్న ఫైల్. ఆ ఫైల్ ఒంటరిగా నడవదు. కింద అసలు ఆట ఉండాలి. ఆట కింద దాన్ని నడిపే ఇంజిన్ ఉండాలి. ఇంజిన్ కింద బొమ్మల్ని తెర మీద వేసే లైబ్రరీలు, శబ్దం వినిపించే లైబ్రరీలు ఉండాలి. ఈ వరసలో ఎక్కడ ఏది లేకపోయినా మనకి మిగిలేది నల్లటి తెర.

లినక్స్‌లో ఈ వరసని చూసుకునే బాధ్యత ప్యాకేజీ మేనేజర్‌ది. ఒక ప్యాకేజీ ఎక్కించే ముందు దానికి కావలసినవన్నీ ఉన్నాయా లేదా అని అది చూస్తుంది. దీన్నే డిపెండెన్సీ చెక్ అంటారు. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. పదిహేనేళ్ళుగా ఇలాంటి గుమాస్తా పని మీదే నా జీతం నడుస్తోంది కాబట్టి నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. పైగా ఈ పనికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర సాంకేతికత గురించి ఎంతో, నిజాయితీ గురించి కూడా అంతే. ఏది లోటో ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూ అది తిరుగుతుంది. ఆ ప్రశ్నల్ని అన్నిటికన్నా ఇబ్బందిపెట్టినవి ఆటలే.

*

1993లో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంగతులు జరిగాయి. ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ అనే విద్యార్థి డెబియన్ పేరుతో ఒక లినక్స్ పంపిణీని మొదలుపెడుతున్నానని ప్రకటించాడు. డిసెంబర్ 10న అమెరికాలో ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ డూమ్ అనే ఆటని విడుదల చేసింది. సంబంధం లేకపోయినా ఆ రెంటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. పెద్ద ముద్దగా ఉన్నదాన్ని విడి భాగాలు చేసి, ఆ భాగాల మధ్య ఒప్పందం రాసుకోవడం.

డూమ్‌లో ప్రోగ్రామ్ ఒక పక్క, మ్యాపులూ బొమ్మలూ శబ్దాలూ అన్నీ ఇంకో పక్క. ఈ రెండో పక్కనున్న ఫైల్‌ని వ్యాడ్ అన్నారు. 'డేటా అంతా ఎక్కడుంది?' అనే ఇంగ్లీషు ప్రశ్నకి అది పొట్టి రూపం. అసలు ఆటతో వచ్చేది ఐవ్యాడ్. బయటివాళ్ళు చేసే యాడ్-ఆన్ పీవ్యాడ్. పీవ్యాడ్‌లో మారినవి మాత్రమే ఉంటాయి. గోడ మీద పాత ఇటుకల బొమ్మే చాలనుకుంటే అది ఆ బొమ్మ పేరు చెప్పి ఊరుకుంటుంది. బొమ్మ ఐవ్యాడ్‌లోంచి వస్తుంది. అంటే పీవ్యాడ్ అనేది సగం వస్తువు, సగం పేర్ల చిట్టా. ఈ 'పేర్ల చిట్టా' అన్న మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు కావాలి.

డెబియన్‌లో ప్రతి ప్యాకేజీతోనూ కంట్రోల్ ఫైల్ అని ఒకటి ఉంటుంది. అందులో సంబంధాలన్నీ రాసి ఉంటాయి. డిపెండ్స్ అంటే ఇది లేనిదే నేను లేను. రికమెండ్స్ అంటే మామూలుగా ఇది పక్కన ఉంటుంది. సజెస్ట్స్ అంటే ఉంటే బాగుంటుంది. కాన్‌ఫ్లిక్ట్స్ అంటే అది ఉన్న ఇంట్లో నేను ఉండను. నాకు ఇందులో బాగా ఇష్టమైనది ఎన్‌హాన్సెస్. ఇది సజెస్ట్స్‌ని తిరగేసిన సంబంధం: ఆ ప్యాకేజీకి నా అవసరం లేదు, కానీ నేను వస్తే దానికి అందం. యాడ్-ఆన్ తన గురించి ఇంతకన్నా వినయంగా చెప్పుకోలేదు. అత్తారింట్లో కొత్త కోడలికి కూడా ఇన్ని రకాల బంధుత్వాలు ఎవరూ ఇంత స్పష్టంగా రాసివ్వరు.

*

రాసుకోవడం ఒక ఎత్తు, చూడటం ఒక ఎత్తు. డెబియన్‌లో కింద ఉండే పనిముట్టు డీపీకేజీ. రెడ్ హ్యాట్ 1995లో తెచ్చింది ఆర్‌పీఎం. రెండూ చిట్టా చూస్తాయి, లేనివి ఏవో చెప్తాయి, కుదరదంటాయి. అంతే. ఆ లేనివి ఎక్కడ దొరుకుతాయో వెతికిపెట్టడం వాటి పని కాదు. పైగా అవి చెప్పేది ఒక పొర గురించే. ఆ పొర తెచ్చి పెడితే, తెచ్చినవాటికి మళ్ళీ సొంత అవసరాలుంటాయి.

2006 ప్రాంతంలో బనగానపల్లెలో మా ఇంట్లో కంప్యూటర్ ఉంది, నెట్ లేదు. నంద్యాల బస్టాండులో కొన్న ఒక పత్రికతో వచ్చిన డీవీడీలో లినక్స్ ఉంది, ఆటలూ ఉన్నాయి. ఆటలకి కావలసిన లైబ్రరీలు మాత్రం ఆ డీవీడీలో సగమే ఉన్నాయి. నేనూ మా చిన్నాయన కొడుకూ ఒక ఆట ఎక్కించబోయాం. అది మూడు ఫైళ్ళు అడిగింది. నెట్ సెంటర్‌కి పోయి అవి తెచ్చాను. ఆ మూడూ కలిసి ఇంకో రెండు అడిగాయి.

"ఏమన్నా, ఇంగా కాలేదా?"

"లేదురా, ఇంగోటి అడుగుతాండాది."

"అన్నీ ఒకేసారి చెప్పొచ్చు కదన్నా అది!"

వాడు ఆరోజు అన్నది ప్యాకేజీ మేనేజర్ల చరిత్రలో ఒక పెద్ద మలుపుకి సరిపోయే మాట. అన్నీ ఒకేసారి చెప్పడం. డెబియన్‌కి ఆ సౌకర్యం 1999 మార్చిలో, 2.1 విడుదలతో వచ్చింది. దాని పేరు ఆప్ట్. అది చిట్టాలన్నీ ముందే చదివి, పొర కింద పొర లెక్కవేసి, ఇన్ని ప్యాకేజీలు కొత్తగా వస్తాయి, ఇంత స్థలం పడుతుంది, సరేనా అని ఒక్కసారి అడుగుతుంది. ఆర్‌పీఎం లోకానికి ఆ పని చేసిపెట్టింది యమ్. ముందే, మొత్తం చెప్పడం అనే మర్యాద అలా యంత్రానికి అలవాటైంది. అయితే ఆ మర్యాద పూర్తిగా దక్కేది నెట్ ఉన్నవాడికే. దారిలో డిపోలన్నీ తెరిచి ఉన్నాయనుకునే ప్రయాణికుడికే ఆప్ట్ అసలు సుఖం తెలుస్తుంది. చిన్న ఊళ్ళలో డిపెండెన్సీ అంటే చాలాకాలం బస్సు చార్జీ.

ఆ లెక్క వేయడం కూడా మనం అనుకున్నంత తేలిక కాదు. ఒక ప్యాకేజీకి రెంటిలో ఏదో ఒకటి చాలు. ఆ రెంటిలో ఒకటి మూడోదానితో పడదు. మూడోది నాలుగోదానికి తప్పనిసరి. పెళ్ళి పందిట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోరో తెలిసినవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది. ఈడాస్ అనే యూరోపియన్ పరిశోధన ప్రాజెక్టువాళ్ళు 2006లో దీన్ని గణితంగా తేల్చారు. ఒక ప్యాకేజీని ఎక్కించడం సాధ్యమా కాదా అన్న ప్రశ్న, 1971లో స్టీఫెన్ కుక్ చూపించిన శాట్ సమస్య అంత కష్టమైనదే. ఎంత పెద్ద లెక్కకైనా వేగంగా జవాబిచ్చే పద్ధతి ఎవరికీ తెలియని జాతి అది. నిజజీవితంలో చిట్టాలు అంత దుర్మార్గంగా ఉండవు కాబట్టి పని నడుస్తోంది. 2008లో ఓపెన్‌సూసే శాట్ పద్ధతిలోనే పనిచేసే సాల్వర్‌ని తెచ్చింది.

*

ఇదంతా లైబ్రరీల గొడవ. ఆటల దగ్గరికొస్తే అసలు చిక్కు వేరే ఉంది. లైబ్రరీ లేకపోతే తెచ్చుకోవచ్చు. ఆట డేటా లేకపోతే? అది కొనాలి. ప్యాకేజీ మేనేజర్ మన తరఫున కొనదు.

1997 డిసెంబర్ 23న ఇడ్ సాఫ్ట్‌వేర్ డూమ్ సోర్స్ కోడ్‌ని బయటపెట్టింది. అక్కడే మొదటి డిపెండెన్సీ అడ్డుపడింది. డాస్‌లో నడిచిన డూమ్ శబ్దాల కోసం వాడుకున్న లైబ్రరీ బయటివాళ్ళది. దాన్ని పంచే హక్కు ఇడ్‌కి లేదు. అందుకే జనం ఆడిన డాస్ వెర్షన్ బదులు లినక్స్ వెర్షన్ సోర్స్ ఇచ్చారు. 1999లో అదే కోడ్‌ని జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చారు. ఇంజిన్ అందరిదీ అయింది. వ్యాడ్ మాత్రం కొనుక్కోవలసిన సరుకుగానే మిగిలింది.

ఆ సోర్స్ తెరిచి చూస్తే యాడ్-ఆన్‌ల కోసం రాసిన డిపెండెన్సీ చెక్ ఒకటి కనిపిస్తుంది. ఉచితంగా పంచిన షేర్‌వేర్ భాగంతో యాడ్-ఆన్ ఎక్కించబోతే ఇంజిన్ ఒప్పుకోదు, డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకోమంటుంది. డబ్బు కట్టిన వెర్షనే అని ఎలా తెలుస్తుంది? 23 పేర్ల పట్టిక ఒకటి ఉంది. రెండో, మూడో భాగాల మ్యాపుల పేర్లు, కొందరు రాక్షసుల బొమ్మల పేర్లు. అవన్నీ వ్యాడ్‌లో ఉంటే సరే, లేకపోతే ఇది రిజిస్టర్ అయిన వెర్షన్ కాదంటుంది. ఆ పట్టికలో మూడో భాగపు రెండో మ్యాప్ పేరు ఉండాల్సిన చోట మూడో మ్యాప్ పేరు రెండుసార్లు పడింది. గుమాస్తా పని ఎవరు చేసినా గుమాస్తా పనే. ముఖ్యమైనది ఏంటంటే, ఆ కోడ్ చూసేది పేర్లని. ఆ పేర్ల వెనక ఏముందో దానికి తెలియదు, అక్కర్లేదు కూడా.

డెబియన్ ముందు ఇప్పుడు ఒక నీతి ప్రశ్న. ఇంజిన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. కానీ స్వేచ్ఛ లేని ఫైల్ లేకుండా అది దేనికీ పనికిరాదు. దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని అల్మారాలో పెడితే అబద్ధం కాదా? 1997 జూలైలో ఆమోదించిన సామాజిక ఒప్పందం చుట్టూ డెబియన్ మూడు అల్మారాల పద్ధతిని స్థిరపరుచుకుంది. మెయిన్ అంటే తానూ స్వేచ్ఛగా ఉండి, తన అవసరాలు కూడా స్వేచ్ఛగా ఉన్నవి. నాన్-ఫ్రీ అంటే స్వేచ్ఛ లేనివి. కాంట్రిబ్ అంటే తాను స్వేచ్ఛే గానీ తన కాలు ఇంకొకరి గడపలో ఉన్నది. ఉచితంగా దొరికే వ్యాడ్ లేనంతకాలం డూమ్ ఇంజిన్‌కి తగిన చోటు ఆ కాంట్రిబ్బే. ఈ మధ్య అల్మారా నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది. 'నాకు నేనుగా బాగానే ఉన్నాను, కానీ నా బతుకు వేరేవాళ్ళ దయ మీద ఉంది' అని పేరులోనే చెప్పుకోవడం అది.

ఇక ఇంజిన్ ఏ వ్యాడ్‌ని అడగాలి? డూమ్ వ్యాడ్‌లు ఒకటి కాదు. డెబియన్ దీనికి వర్చువల్ ప్యాకేజీ అనే పద్ధతి వాడింది. డూమ్-వ్యాడ్ అనే పేరుతో నిజంగా ఏ ప్యాకేజీ ఉండదు. అది ఒక ఖాళీ పదవి. ఏ వ్యాడ్ ప్యాకేజీ అయినా 'ఆ పదవికి నేను సరిపోతాను' అని ప్రొవైడ్స్ వరసలో రాసుకుంటుంది. అటు డూమ్-ఇంజిన్ అని ఇంజిన్లకీ అలాంటి పదవే ఉంది.

మా ఊరివాళ్ళకి ఇది చెప్పడానికి కష్టపడక్కర్లేదు. బంగినపల్లి మామిడి టెంక పాతితే మళ్ళీ అచ్చం బంగినపల్లి రాదు. అంటు కట్టాల్సిందే. కింద ఏదో ఒక నాటు మామిడి మొక్క, పైన బంగినపల్లి కొమ్మ. కింది మొక్క ఫలానా చెట్టు బిడ్డే కావాలన్న పట్టింపు లేదు, మామిడి అయితే చాలు. వేపకి కడితే మాత్రం అతకదు. 'ఏదైనా సరే, కానీ ఈ జాతిలో' అనడమే వర్చువల్ ప్యాకేజీ.

ఆ 'జాతి' మరీ వదులుగా ఉంటే ఇబ్బందీ ఉంది. మొదటి డూమ్‌లో మ్యాపుల పేర్లు భాగం, అంకె కలిపి ఉంటాయి. రెండో డూమ్‌లో వరస సంఖ్యలు మాత్రమే. రెండో డూమ్ కోసం గీసిన యాడ్-ఆన్ మ్యాప్ మొదటిదాని మీద అతకదు. కానీ రెండూ డూమ్-వ్యాడ్ అనే ఒకే పదవికి అర్హులే. చెక్ పాసవుతుంది, ఆట నడవదు. చిట్టా ఎంత సన్నగా రాయాలన్నది ఇప్పటికీ తేలని పేచీ.

ఖాళీ పదవి సృష్టిస్తే దానికి కొత్త అభ్యర్థి రావచ్చు. 2001లో ఫ్రీడూమ్ అనే ప్రాజెక్టు మొదలైంది. డూమ్ వ్యాడ్‌లో ఉన్న ప్రతి పేరుకీ కొత్త వస్తువు చేయడం వాళ్ళ పని. గోడ బొమ్మ పేరు అదే, బొమ్మ కొత్తది. రాక్షసుడి పేరు అదే, రాక్షసుడు కొత్తవాడు. అసలు డూమ్ నుంచి ఒక్క చుక్క కూడా తీసుకోకూడదని నియమం. పేర్లు ఎందుకు మార్చలేదంటే, అప్పటికే ఎన్నో పీవ్యాడ్‌లు ఆ పేర్లనే నమ్ముకుని ఉన్నాయి. పేరు మారితే అవన్నీ దిక్కులేనివవుతాయి. ఆ 23 పేర్ల పరీక్ష కూడా పేర్లనే చూస్తుంది కదా. ఫ్రీడూమ్ డెబియన్ మెయిన్‌లోకి వచ్చాక, దాన్నో, లేదా డూమ్-వ్యాడ్ పదవిలో ఉన్న ఇంకేదో ఒకటి ఇవ్వమని అడిగే ఇంజిన్లు కూడా మెయిన్‌లో కూర్చోగలిగాయి. వేరేవాళ్ళ దయ మీద బతికే ప్రోగ్రామ్, తన కోడ్‌లో పెద్దగా ఏమీ మార్చుకోకుండానే స్వతంత్రమైంది.

సాహిత్యం చదివేవాళ్ళకి ఈ కథ ఎక్కడో విన్నట్టు ఉండాలి. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా రాశాడు. అంటే పదిహేను పర్వాలు, తెలుగులో ఇంకా లేని ఒక ముక్క మీద ఆధారపడి నిలబడ్డాయి. పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన ఆ ఖాళీ పూరించాడు. తన పేరు పెట్టుకోకుండా నన్నయ రాస్తున్నట్టే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా రాశాడు. ఖాళీ ఎంత ఉందో, దాని ఆకారం ఏమిటో రెండు వైపులా స్పష్టంగా ఉంది కాబట్టే ఎఱ్ఱన ఆ పని చేయగలిగాడు. ఫ్రీడూమ్‌వాళ్ళది కూడా ఎఱ్ఱన పనే. ఖాళీని నిజాయితీగా ఖాళీ అని రాసిపెడితే, ఎప్పటికో ఒకప్పటికి దాన్ని పూరించేవాడు వస్తాడు.

*

పూరించడానికి ఎవరూ రాని ఆటల సంగతి? కొనుక్కున్న సీడీ మీ బీరువాలో ఉంది. అదొక డిపెండెన్సీ. దాన్ని ఎలా చెక్ చేస్తారు? జెంటూ అనే లినక్స్ పంపిణీ దీనికి సూటిగా ఒక దారి చూసుకుంది. ఆట ఎక్కించే స్క్రిప్ట్ మధ్యలో ఆగి, సీడీ పెట్టమంటుంది. పెట్టింది సరైన సీడీయేనా అని తెలుసుకోవడానికి అందులో ఉండాల్సిన ఒక ఫైల్ పేరు కోసం చూస్తుంది. దొరికితే ముందుకి పోతుంది. డెబియన్‌లో గేమ్-డేటా-ప్యాకేజర్ అనే పనిముట్టు ఉంది. మీ సీడీనో, ఆన్‌లైన్‌లో కొన్న కాపీనో చూపిస్తే, లోపలి ఫైళ్ళ చెక్‌సమ్ చూసి అది ఏ వెర్షనో గుర్తుపట్టి, మీ కంప్యూటర్‌లోనే ఒక మామూలు ప్యాకేజీ తయారుచేసి ఇస్తుంది. అప్పటినుంచి ఆ వ్యాడ్ కూడా మిగతా ప్యాకేజీలతో పాటు చిట్టాలోకి ఎక్కుతుంది.

ఈ రెండూ ఒక గీత దగ్గర ఆగిపోతాయి. ఫైల్ ఉందా లేదా అని చూస్తాయి. అది మీకెలా వచ్చిందని అడగవు. అది చేతగానితనం కాదనే నా అభిప్రాయం. కావలసినది ఉందో లేదో చెప్పడం గుమాస్తా పని. అది నీదేనా అని నిలదీయడం పోలీసు పని. ప్యాకేజీ మేనేజర్ రాసినవాళ్ళు ఈ రెండూ కలిపేయలేదు.

తర్వాత ఆటలే సొంత ప్యాకేజీ మేనేజర్లు పెట్టుకున్నాయి. 2003లో మొదలైన వెస్నాత్ ఆటలో యాడ్-ఆన్‌ల అంగడి ఆట లోపలే ఉంటుంది. యాడ్-ఆన్ చేసినవాళ్ళు దానికి కావలసిన ఇతర యాడ్-ఆన్‌ల పేర్లు రాసి పంపుతారు. మీరు ఒకటి దించబోతే, దీనికి ఇవి కూడా కావాలి, దించమంటారా అని ఆట అడుగుతుంది. లువాంటిలో ప్రతి మాడ్‌తోనూ తప్పనిసరి అవసరాల వరస, ఉంటే మంచిదనే అవసరాల వరస విడివిడిగా ఉంటాయి. అంటే డెబియన్ కంట్రోల్ ఫైల్ ఆలోచనే ఆట లోపల మళ్ళీ పుట్టింది. చిక్కల్లా ఈ రెండు చిట్టాలూ ఒకదాన్నొకటి చదవవు. ఆప్ట్ ఆటని కొత్త వెర్షన్‌కి మారిస్తే, లోపలి యాడ్-ఆన్‌లు పాత వెర్షన్‌వి అన్న సంగతి దానికి తెలియదు. వెస్నాత్ ప్యాకేజీ పేరులోనే 1.14, 1.16 అని వెర్షన్ సంఖ్య పెట్టి, రెండూ పక్కపక్కన ఉండేలా డెబియన్ చేసిన ఏర్పాటు ఇక్కడ అక్కరకొచ్చింది. పాత ఇల్లు కూల్చకుండా కొత్త ఇల్లు కట్టుకోవడం అన్నమాట.

ఇదంతా లినక్స్ పిచ్చోళ్ళ గొడవలే అనుకునేవాళ్ళకి రెండు సంగతులు చెప్తాను. ఒకటి మనది. యూనికోడ్ వాడకంలోకి రాక ముందు ఒక్కో తెలుగు సైటుకి ఒక్కో ఫాంట్. అది లేకపోతే తెర మీద పిచ్చి గీతలు. తెలుగు అక్షరం చదవడానికి మనకో డిపెండెన్సీ ఉందనీ, అది ఫలానా అనీ చెప్పే చిట్టా ఎక్కడా లేదు. దేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఒక ప్యాకేజీగా చేరాయంటే, ఆ అవసరానికి ఒక పేరూ ఒక చోటూ దొరికాయన్నమాట.

రెండోది కొత్తది. ది క్రూ అనే కార్ల ఆట 2014లో వచ్చింది. ఒంటరిగా ఆడుకోవాలన్నా కంపెనీ సర్వర్‌కి తగిలి ఉండాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బు పెట్టి కొన్న డిస్క్ బీరువాలోనే ఉంది, ఆట లేదు. దాని మీద పుట్టిన ఉద్యమం యూరప్‌లో 2025 నాటికి 10 లక్షల సంతకాలు దాటింది. ఆ సర్వర్ ఏ భాషలో ఏం మాట్లాడుతుందో బయట ఎవరికీ రాసివ్వలేదు. ఐవ్యాడ్ పేర్లు బయటికి తెలుసు కాబట్టి ఫ్రీడూమ్ సాధ్యమైంది. ఇక్కడ ఖాళీకి ఆకారం తెలియదు. అభిమానులు ఆ ఆకారాన్ని చీకట్లో తడుముకుంటూ కనిపెట్టాలి.

డిపెండెన్సీ ఉండటం తప్పు కాదు. ఏ పుస్తకమూ, ఏ చెట్టూ, ఏ ప్రోగ్రామూ ఒంటరిగా నిలబడదు. దేని మీద నిలబడ్డామో పేరు పెట్టి, ముందుగా, అందరికీ కనపడేలా రాయడమే మనం చేయాల్సిన పని. 1993 నుంచి కొందరు జీతం లేకుండా చేస్తూ వచ్చిన గుమాస్తాగిరీ అదే. ఆ ఒక్క వరస రాసి ఉంటే, రాసినవాళ్ళు పోయినా, కంపెనీ మూతపడినా, సోమలింగానికి ఒక ఇల్లు దొరుకుతుంది.